పదో తరగతి మార్కులు చెప్పని సంగతి తొమ్మిదిలోనే తెలుసుకోవడం ఎలా

పదో తరగతి లెక్కల్లో తొంభై దాటిన పిల్లలు ఎంపీసీలో చేరి మూడు నెలలు తిరక్కుండానే డీలా పడిపోతుంటారు. అమలాపురంలో అడగండి, భీమవరంలో అడగండి, ఇంటర్ చెప్పే లెక్చరర్లు ఈ మాటే అంటారు. పిల్లకి తెలివి తగ్గిపోయిందనీ కాదు, కాలేజీ మంచిది కాదనీ కాదు. పబ్లిక్ పరీక్ష ఆ ఏడాది పుస్తకంలోని పాఠాలు అడుగుతుంది. ఇంటర్ పుస్తకం మాత్రం మొదటి పేజీ నుంచీ ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పని వచ్చేసిందనుకుని మొదలవుతుంది. భిన్నాలు, రుణసంఖ్యలు, బ్రాకెట్లు విప్పడం, సూత్రాన్ని తిరగేసి రాయడం, ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నని చదవగానే పట్టుకోవడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. ఇవి వచ్చో రావో మార్కుల జాబితా చూసి చెప్పలేం.

అందుకే విడిగా ఒక పరీక్ష పెట్టుకోవాలి, అదీ తొమ్మిదో తరగతిలోనే. సంక్రాంతి సెలవులయ్యాక, వార్షిక పరీక్షల హడావుడి మొదలయ్యేలోపు పెడితే మంచిది. అప్పుడు పెడితే బాగుచేసుకోవడానికి వేసవి సెలవులు మొత్తం చేతిలో ఉంటాయి, పదిలో దసరా దాకా కూడా టైము దొరుకుతుంది. అదే పదిలో జనవరి వచ్చాక ఏ లోపం బయటపడినా "పరీక్షలు అయ్యాక చూద్దాం లెండి" అంటారు. పరీక్షలయ్యాక ఎవరూ చూడరు. పిల్లవాడు నేరుగా కాలేజీ హాస్టలుకి వెళ్లిపోతాడు.

ఇలా ముందే చూడడం కొత్త సంగతేం కాదు. మంచి గ్రేడ్లతో సీటు తెచ్చుకున్న పిల్లలు కూడా మొదటి ఏడాదే వెనకటి పాఠాలు మళ్లీ చెప్పే రెమిడియల్ క్లాసుల్లో కూర్చోవలసి వస్తోందని కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ గమనించింది. 2004 నుంచి పదకొండో తరగతిలోనే కాలేజీ స్థాయి ఇంగ్లీషుకీ లెక్కలకీ పిల్లలు సిద్ధంగా ఉన్నారో లేదో చూడడం మొదలుపెట్టింది. ఎవరు ఏ స్థాయి క్లాసులో కూర్చోవాలో తేల్చడానికి యూనివర్సిటీలో చేరేముందు పెట్టే ప్లేస్‌మెంట్ పరీక్షల్ని 2017లో తీసేసినా, పదకొండులో వచ్చిన ఫలితాన్ని మాత్రం ఇప్పటికీ చూస్తోంది. ఆ ఫలితంలో నాలుగు మెట్లుంటాయి. మనం తీసుకోదగ్గది పై నుంచి రెండోది, "షరతుతో సిద్ధం" అనేది. పన్నెండో తరగతిలో ఫలానా కోర్సు తీసుకుని నెగ్గితే సిద్ధమైనట్టే లెక్క అని అర్థం. మన దగ్గర పాస్, ఫెయిల్ తప్ప ఈ నడిమి గడి లేదు. నిజానికి పిల్లల్లో ఎక్కువమంది ఉండేది అందులోనే.

ముందు లెక్కల పేపరు సంగతి. పది నైపుణ్యాలు తీసుకోండి. ఒక్కోదానికి రెండేసి చొప్పున మొత్తం 20 ప్రశ్నలు, గంట టైము. ఒకే నైపుణ్యం మీద వచ్చే రెండు ప్రశ్నలూ పక్కపక్కన ఉండకూడదు. ఒకటి మూడోది అయితే రెండోది పద్నాలుగోదిగా పెట్టండి. రెండుచోట్లా ఒకే రకంగా తప్పు చేస్తే పద్ధతే రాదన్నమాట. ఒకచోట ఒప్పు, ఒకచోట తప్పు అయితే తొందరలో దొర్లినది. ఈ తేడా తెలియకుండా మార్కులు కూడితే ఏం ఉపయోగం లేదు. ఆబ్జెక్టివ్ ప్రశ్నలు అసలు వద్దు. నాలుగు ఆప్షన్లిస్తే ఏమీ రానివాడికీ నాలుగింట ఒకటి తగులుతుంది, పైగా తప్పు ఎక్కడ పుట్టిందో కనబడదు. కాలిక్యులేటరు వద్దు. రఫ్ పనంతా అదే కాగితం మీద చెయ్యమనండి, కొట్టివేతలు కూడా మనకి పనికొస్తాయి.

ప్రశ్నలు చూడడానికి చాలా చిన్నవిగా ఉండాలి. మూడింట రెండు, నాలుగింట మూడు కూడమంటే ఏడింట ఐదు అని రాసేవాళ్లు తొమ్మిదిలోనూ ఉంటారు. పైవి పైవి, కిందవి కిందవి కూడేశారు. సరైన జవాబు పన్నెండింట పదిహేడు, అంటే ఒకటి దాటుతుంది. సగం కంటే పెద్దవి రెండు కలిస్తే ఒకటి దాటకుండా ఎలా ఉంటుందని అడిగి చూడండి. ఆ అంచనా తట్టనివాడికి రూల్ ఎన్నిసార్లు చెప్పినా నిలవదు. −7 − (−3) ఇచ్చి చూడండి. −10 అని వస్తే "మైనస్ మైనస్ ప్లస్" అనే మాట బట్టీ మాత్రమే ఉంది, ఎక్కడ వాడాలో తెలియదు. జవాబు −4. 0.3 × 0.2 అడిగితే 0.6 అంటారు, 0.06 కాదు. ఒక చదరపు మీటరుకి ఎన్ని చదరపు సెంటీమీటర్లు అంటే వంద అంటారు, పదివేలు కాదు.

ఆల్జీబ్రాలో రెండు చోట్ల ప్రత్యేకంగా చూడాలి. మొదటిది (ఎ + బి)². దీన్ని ఎ² + బి² అని రాసేవాళ్లకి సూత్రం మళ్లీ అప్పజెప్పించడం దండగ, అది వాళ్లకి నోటికి వచ్చు. ఎ బదులు 3, బి బదులు 4 వేసి రెండు వైపులా కట్టమనండి. ఒకవైపు 49, ఇంకోవైపు 25 వస్తాయి. తన తప్పు తనే అంకెలతో పట్టుకునే అలవాటు పడితే, పై తరగతుల్లో ఇలాంటి తప్పులు చాలా వాటంతటవే ఆగిపోతాయి. రెండోది వి = యు + ఎ × టి అని ఇచ్చి టి ఎంతో రాయమనడం. (వి − యు) ÷ ఎ రావాలి. ఇక్కడ దెబ్బతీసేది "అటు నుంచి ఇటు వస్తే గుర్తు మారుతుంది" అనే మాట. కూడికకి అది పనిచేస్తుంది, గుణకారానికి పనిచెయ్యదు. ఆ మాటని నమ్ముకున్న పిల్లలు 3ఎక్స్ = 12 దగ్గర ఎక్స్ = 12 − 3 అని రాస్తారు. సమీకరణానికి రెండు వైపులా ఒకే పని చేస్తున్నామన్నది ఏడులోనే ఎక్కాలి. అది ఎక్కకుండా ఇంటర్ ఫిజిక్స్‌కి వెళ్తే సూత్రాలన్నీ తెలిసి కూడా లెక్క ఒక్కటీ తేలదు.

ఇవి కాక రాతలెక్కలు రెండు మూడు ఉండాలి. వాటిని మన డెల్టా పిల్లలు రోజూ చూసే వాటిలోంచే తీసుకోండి. పుస్తకంలో మోడల్ ఉన్న లెక్క అయితే మోడల్ గుర్తొచ్చి చేసేస్తారు, మనకేమీ తెలియదు.

ధాన్యం లెక్క ఒకటి చూడండి. తేమ 20 శాతం ఉన్న వెయ్యి కిలోల ధాన్యాన్ని 17 శాతానికి ఆరబెడితే ఎంత తూగుతుంది? 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ పెడతారని రైతు బిడ్డలందరికీ తెలుసు. దాదాపు అందరూ మూడు శాతం తగ్గింది కాబట్టి 970 కిలోలు అంటారు. కానీ ఆరేది నీరే, గింజ కాదు. వెయ్యి కిలోల్లో నీరు 200, గింజ 800. ఆరిన తర్వాత కూడా గింజ 800 కిలోలే, ఇప్పుడది మొత్తం బరువులో 83 శాతం. 800ని 0.83తో భాగిస్తే సుమారు 964 కిలోలు. తగ్గింది 36 కిలోలు, 30 కాదు. 75 కిలోల బస్తాలు నలభై ఉంటే, అంటే మూడు టన్నులైతే, ఈ రెండు లెక్కలకీ మధ్య తేడా 18 కిలోల దాకా వస్తుంది. ఇక్కడ చూడవలసింది జవాబు ఒక్కటే కాదు. ఏది మారలేదు అని పిల్ల వెతికిందా? శాతం దేని మీద అని ఆగి చూసిందా? జవాబు తప్పినా "గింజ 800" అని రాసిన కాగితాన్ని 970 అని ఒక్క ముక్క రాసిన కాగితంతో కలిపి ఒకే సున్నా వెయ్యకండి.

రెండోది చెరువు లెక్క. ఎకరం రొయ్యల చెరువు, సగటు లోతు ఐదడుగులు. మందు 2 పీపీఎం వెయ్యాలంటే ఎన్ని కిలోలు? ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లని, ఒక పీపీఎం అంటే ఘనపు మీటరు నీటికి ఒక గ్రామని ప్రశ్నలోనే ఇచ్చెయ్యండి. ఐదడుగులంటే దాదాపు 1.52 మీటర్లు. నీరు సుమారు 6,150 ఘనపు మీటర్లు, మందు 12.3 కిలోలు. అడుగుల్ని మీటర్లలోకి మార్చకుండా 4,047ని ఐదుతో గుణిస్తే మందు మూడు రెట్లు దాటి 40 కిలోలవుతుంది. గ్రాముల్ని కిలోలు చెయ్యడం మరిచిపోతే పన్నెండు వేల కిలోలు వస్తుంది. ఎకరం చెరువుకి పన్నెండు టన్నుల మందేమిటన్న అనుమానం రాకుండా అండర్‌లైన్ చేసి ఇచ్చేసిన పిల్లవాడికి గుణకారం రాక కాదు. జవాబుని వెనక్కి తిరిగి చూసే అలవాటు లేదు. కాలేజీలో అది ఎవరూ నేర్పరు.

గ్రాఫుకి ధవళేశ్వరం బ్యారేజీ ఉండనే ఉంది. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ఉదయం ఆరింటికి 11.75 అడుగులు ఉండి గంటకి పావు అడుగు చొప్పున పెరుగుతుంటే రెండో హెచ్చరిక ఎప్పుడు? రెండడుగులు పెరగాలి, ఎనిమిది గంటలు పడుతుంది, మధ్యాహ్నం రెండింటికి. దీన్ని గీతగా గియ్యమనండి, సమీకరణంగా రాయమనండి, 0.25 అన్నది గీతలో ఎక్కడ కనబడుతుందో చూపించమనండి. నోటిలెక్కతో మధ్యాహ్నం రెండింటికని చెప్పి గీత దగ్గర ఆగిపోయేవాళ్లే ఎక్కువ. గీత, అంకె, సమీకరణం మూడూ ఒకే సంగతి చెబుతున్నాయని తెలిసినవాళ్లకి సరళరేఖల పాఠం దగ్గర సగం బరువు తగ్గిపోతుంది.

ఇంత చిన్న లెక్కలతో తొమ్మిదో తరగతివాళ్లని పరీక్షించడమేమిటని కొందరు టీచర్లకే నచ్చదు. ప్రథమ్ సంస్థ 2023 అసర్ సర్వేలో 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని చూస్తే, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 43.3 శాతం. ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్లు 57.3 శాతం. మన బడి అంతకంటే నయమే కావచ్చు. అది అడిగి చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు ఇంగ్లీషు. "మావాడు ఇంగ్లీష్ మీడియమేనండీ, గడగడా చదివేస్తాడు" అని తల్లిదండ్రులు సంబరంగా చెబుతారు. గడగడా చదవడం వేరు, చదివింది ఎక్కడం వేరు. అందుకే పరీక్షలో రెంటినీ విడదీయాలి. బోధించని సైన్సు పాఠం నుంచో, బ్యాంకు నోటీసు నుంచో వంద మాటల పేరా ఒకటి తీసుకుని పైకి చదివించండి. తప్పు పలికిన మాటలు, వదిలేసిన మాటలు గుర్తు పెట్టుకోండి. ఐదు లోపు ఉంటే ఆ స్థాయి పుస్తకం సొంతంగా చదువుకోగలడు. ఐదు నుంచి పది దాకా ఉంటే పక్కన ఎవరైనా ఉండాలి. పది దాటితే ఆ పుస్తకం చేతికిచ్చి చదువుకోమనడం అన్యాయం.

తర్వాత నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబు తెలుగులో చెప్పనివ్వండి, ఎందుకంటే ఇక్కడ చూసేది అర్థమైందా లేదా అన్నదే. మొదటి ప్రశ్న పేరాలో నేరుగా ఉన్నది. రెండోది, "ఇట్" అని ఉన్నచోట అది దేని గురించి అన్నది. మూడోది కారణం అడిగేది. నాలుగోది పేరాలో రాయకపోయినా దాన్నిబట్టి తేలేది. మొదటిది అందరూ చెప్పేస్తారు, ప్రశ్నలో మాట వెతికి ఆ వాక్యం అప్పజెబితే చాలు కాబట్టి. రెండోదాని దగ్గర వడపోత మొదలవుతుంది. ఒక అప్లికేషను ఫారం వాక్యం ఇచ్చి చూడండి: "అన్‌లెస్ ద ఫామ్ ఈజ్ సైన్డ్ బై ద పేరెంట్, ఇట్ విల్ నాట్ బి కన్సిడర్డ్." నాన్నగారు సంతకం పెడితే ఏమవుతుంది అని అడగండి. "తీసుకోరు" అనే జవాబు వస్తే ఆశ్చర్యపోకండి. "నాట్" ఒక్కటే కనబడింది, "అన్‌లెస్" జారిపోయింది. "హౌఎవర్", "అట్ లీస్ట్", "నాట్ మోర్ దేన్", "రెస్పెక్టివ్లీ" లాంటి మాటలు ఒక ఇరవై ఉంటాయి. కాలేజీ పుస్తకంలో వాక్యం మొత్తం తిరిగేది వీటి మీదే. కష్టమైన మాటలకి డిక్షనరీ చూస్తారు, వీటికి ఎవరూ చూడరు.

లెక్కలూ ఇంగ్లీషూ కలిసే చోటు కూడా ఇదే. "ఫైవ్ లెస్ దేన్ ఎక్స్" అంటే ఎక్స్ − 5. పిల్లలు మాటల వరస ప్రకారం 5 − ఎక్స్ అని రాసేస్తారు. ఇది లెక్కల లోపమా, భాష లోపమా? తేల్చడానికి చక్కటి దారి ఉంది. తప్పు చేసిన రాతలెక్కలు రెండు వారాలయ్యాక అంకెలు మార్చి తెలుగులో ఇవ్వండి. తెలుగులో చెయ్యగలిగితే ఆ పిల్లని లెక్కల ట్యూషనుకి పంపడం డబ్బు దండగ, కావలసింది ప్రశ్న చదవడం. మన ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి కదా, వాటిని ఇందుకు వాడుకోవచ్చు. ముందు తెలుగు పేజీ మూసి ఇంగ్లీషు చదివి, అర్థమైంది చెప్పి, ఆ తర్వాతే తెలుగు తెరిచి సరిచూసుకోవాలి. తెలుగు పేజీయే ముందు తెరిస్తే రెండోవైపు చూపే పోదు.

వినికిడి పరీక్ష చిన్నదే. ఎనిమిది నుంచి పన్నెండు మాటలున్న వాక్యాలు ఐదు, మామూలు వేగంతో రెండుసార్లు చదివి రాయించండి. "వాక్డ్" అన్నది "వాక్" అవుతుంది, చివర "ఎస్" పోతుంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి గనక చివర హల్లులు రెండు కలిసొస్తే మన చెవికి అందవు. ఇంగ్లీషులో కాలం, ఏకవచనం, బహువచనం చాలాసార్లు తెలిసేది ఆ చివరి శబ్దంతోనే.

రాత పరీక్షకి ఇరవై నిమిషాలు, వంద నుంచి 120 మాటలు. "మై ఎయిమ్ ఇన్ లైఫ్" ఇవ్వకండి, అది గైడులోంచి యథాతథంగా దిగిపోతుంది. రేవు మెట్లు విరిగాయి, ఎవరికి రాయాలి, ఎందుకు ప్రమాదం, ఏం చెయ్యమని అడగాలి అని ఇవ్వండి. దిద్దేటప్పుడు స్పెల్లింగులన్నిటికీ ఎర్ర సున్నాలు చుట్టకండి. అడిగిన మూడు సంగతులూ వచ్చాయా అన్నది ముందు చూడండి. తర్వాత పది వాక్యాలు లెక్కపెట్టి, కర్త, క్రియ సరిగ్గా కుదిరినవెన్నో చూడండి. ఏడు దాటితే మిగతాది రాసే కొద్దీ వస్తుంది. "హి ఈజ్ గో" లాంటివి ఐదారు ఉంటే మాత్రం వ్యాసాలు ఆపి వాక్యాల దగ్గర కూర్చోవాలి.

పేపర్లు దిద్దేటప్పుడు మార్కుల బదులు అక్షరాలు వెయ్యండి. త అంటే తొందర, ప అంటే పద్ధతి రాదు, భ అంటే ప్రశ్న భాష ఎక్కలేదు, ఖ అంటే ఖాళీ. తరగతి మొత్తానికి ఒక పట్టీ వేసుకుంటే, ఎవరిది ఏ లోపమో, తరగతిలో సగానికి పైగా ఏది రాదో ఒక్క చూపులో తెలుస్తుంది. సగానికి పైగా రానిది పిల్లల లోపం కాదు, అది మళ్లీ చెప్పవలసిన పాఠం. పది నైపుణ్యాల్లో ఎనిమిదింట రెండు ప్రశ్నలూ ఒప్పయితే సిద్ధం. ఐదు నుంచి ఏడు అయితే షరతుతో సిద్ధం, ఆ షరతు పేరు పెట్టి రాయాలి: "భిన్నాలు, ప్రమాణాల మార్పు, జూన్ లోపు" అని. అంతకంటే తక్కువైతే ఆరో తరగతి పుస్తకం నుంచి మొదలు. ఈ గీతలు ఏ బోర్డూ గీసినవి కావు. మీ తరగతిని బట్టి ఒకటి అటూ ఇటూ జరుపుకోవచ్చు.

వేగం కూడా ఒక కంట కనిపెట్టాలి. ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, అందులో 80 లెక్కలే. ప్రశ్నకి అరవై ఏడు సెకన్లు. భిన్నాల కూడికకే నిమిషం తీసుకునే పిల్లకి ఆ పేపర్లో ఆలోచించడానికి టైమే ఉండదు. అయినా తొమ్మిదిలో వేగం కోసం తరమకండి. ముందు తప్పు పోవాలి, వేగం సాధన మీద వస్తుంది.

పరీక్షని పాడుచేసేవి ఇంకొన్ని ఉన్నాయి. ముందే తేదీ చెబితే ట్యూషన్లలో ఇలాంటి ప్రశ్నలే రుద్ది పంపిస్తారు. పక్కపక్కన కూర్చున్నవాళ్లకి ఒకే పేపరిస్తే రెండు బెంచీలకి ఒకే జవాబు వస్తుంది. అంకెలు మార్చి రెండు సెట్లు చెయ్యాలి. ఇన్విజిలేటరు జాలిపడి ప్రశ్నకి అర్థం చెప్పేస్తే భ అనే గడి మొత్తం అబద్ధమైపోతుంది. అన్నిటికంటే చెడ్డది, ఫలితం తరగతిలో పైకి చదవడం. అలా చేస్తే ఆ పిల్లలు రెండోసారి నిజం రాయరు, చూసి రాస్తారు.

మళ్లీ పరీక్ష ఆరు వారాలకి, కొత్త అంకెలతో, ప పడిన నైపుణ్యాల మీద మాత్రమే. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో రోజుకి నలభై నిమిషాలు కూర్చుంటే, అందులో ఇరవై లెక్కలకి, ఇరవై ఇంగ్లీషుకి, రెండు మూడు నైపుణ్యాలు గట్టిపడతాయి. ఒక్క రోజులో పదీ ముట్టుకోవద్దు. లంక గ్రామాల బడుల్లో తర్వాతి విడతని జూలై, ఆగస్టుల్లో పెట్టుకోకండి. వరదొస్తే బడి మూతపడుతుంది, సగంమంది పిల్లలు రారు. జూన్ చివరలోనైనా కానివ్వండి, లేదా వరదలు తీశాక సెప్టెంబరులో పెట్టుకోండి. గ్రూపు ఏదన్న మాట ఇంట్లో వచ్చేటప్పటికి, ఆ రెండో పట్టీ మార్కుల కార్డు పక్కన ఉండాలి. లెక్కల్లో ప అన్నవి పోయి భ అన్నవే మిగిలిన పిల్లని ఎంపీసీ వద్దని ఆపకండి. ప్రశ్న చదవడం మీద రోజూ అరగంట పెట్టించండి. పది నైపుణ్యాల్లో నాలుగింట ఇంకా ప అనే ఉంటే మాత్రం, కాలేజీ ఫీజు కట్టేముందే ఆ పట్టీ అక్కడి లెక్కల లెక్చరరుకి చూపించి, మొదటి టర్ములో ఈ నాలుగూ ఎవరు, ఎప్పుడు చెబుతారో అడగండి.